షికాగోలో సైకియాట్రిస్టు దొరికేలోపల మాత్రలు అయిపోతే?

ఎమ్మార్‌పల్లె నుంచి, ఇప్పుడు షికాగోలో:

అన్నలకూ అక్కలకూ నమస్కారం. నేనిక్కడికి వచ్చి మూడు వారాలయింది. తిరుపతిలో రెండేళ్లుగా ఒక సైకియాట్రిస్టు దగ్గర చూపించుకుంటా ఉండాను. రాత్రి పడుకునే ముందు ఒక మాత్ర, అంతే. దానితోనే ఉద్యోగం చేసుకుంటా బాగుండాను. వచ్చేటప్పుడు రెండు నెలలకు తెచ్చుకున్నాను. ఆఫీసు ఇన్సూరెన్సు కార్డు నిన్ననే చేతికొచ్చింది. ఇక్కడ ముందు ఎవరి దగ్గరికి పోవాల? రూమ్మేట్లకు తెలీదు. అమ్మకు తెలుసు, నాయనకు తెలీదు. తెలుగు డాక్టరే కావాలని లేదు గానీ, ఇంగ్లీషులో నా బాధ చెప్పుకోగలనా అని భయంగా ఉంది.

బైరాగిపట్టెడ నుంచి, ఇప్పుడు అరోరాలో:

తమ్ముడూ, ముందు లేచి పొయ్యి మాత్రలు లెక్కపెట్టు. రోజుకొకటి చొప్పున ఏ తారీఖుకు అయిపోతాయో క్యాలెండర్లో రాసుకో. దానికి పది రోజుల ముందు తారీఖు చుట్టూ సున్నా చుట్టు. ఆ రోజు లోపల ఇక్కడి డాక్టరు రాసిన ప్రిస్క్రిప్షను నీకు వచ్చి ఉండాల. మంచి సైకియాట్రిస్టు, తెలుగు సైకియాట్రిస్టు, ఇంటికి దగ్గర సైకియాట్రిస్టు, ఇవన్నీ ఆ తర్వాతి మాట.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తా ఉండానంటే, పదమూడేళ్ల కిందట నేను ఆ లెక్క పెట్టుకోలేదు. ఇన్సూరెన్సు వాళ్ల వెబ్‌సైటులో డాక్టర్ల పట్టీ చాంతాడంత ఉండింది. ఇంతమంది ఉండారు కదా, ఎవరో ఒకరు దొరుకుతారులే అనుకున్నా. ఫోన్లు చేయడం మొదలుపెడితే ఒకాయన రిటైరైపొయినాడు, ఒకామె ఊరు మారింది, రెండు నంబర్లు పనిచేయలేదు, మిగిలినవాళ్లలో ముక్కాల్వాసి కొత్త పేషెంట్లను తీసుకోవడం లేదన్నారు. ఇరవైరెండు ఫోన్లు చేసినా. ఈలోగా మాత్రలు అయిపొయినాయి. నాలుగో రోజు నుంచి తల పక్కకు తిప్పితే చాలు, లోపల కరెంటు తీగ తగిలినట్టు జివ్వుమనేది. డెవాన్ అవెన్యూలో ఒక అంగట్లో కరివేపాకు ప్యాకెట్టు చేతిలో పట్టుకోని, కారణం లేకుండా ఏడుస్తా నిలబడిపొయినా. అంగడాయన కుర్చీ తెచ్చి వేసినాడు. జబ్బు ముదిరిందని బెదిరిపొయినా. మందు ఉన్నట్టుండి ఆపితే ఒళ్లు అట్ల తిరగబడుతుందని తొమ్మిదో రోజు ఒక డాక్టరమ్మ చెప్పేదాకా నాకు తెలీదు. ఆమె సైకియాట్రిస్టు కాదు, మామూలు ప్రైమరీ కేర్ డాక్టరు. పది నిమిషాల్లో అదే మందు రాసిచ్చింది. ఇరవైరెండు ఫోన్లలో ఒక్కటి ఆమెకు చేసి ఉంటే ఆ తొమ్మిది రోజులు నాకు వచ్చేవే కాదు.

అందుకని నీ మొదటి ఫోను ప్రైమరీ కేర్‌కే. సైకియాట్రిస్టు దొరకడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. డిప్రెషనుకూ ఆందోళనకూ మామూలుగా వాడే ఎసిటలోప్రామ్, సెర్ట్రలీన్ లాంటివి ప్రైమరీ కేర్ డాక్టర్లు రోజూ రాస్తానే ఉంటారు. నీ ఇన్సూరెన్సు ప్లాను హెచ్‌ఎంఓ అయితే, అంటే వాళ్ల పట్టీలో ఉండే డాక్టర్ల దగ్గరికే పోవాల్సిన రకమైతే, చాలావాటిలో సైకియాట్రిస్టు దగ్గరికి పోయేందుకు రెఫరల్ చీటీ కూడా ప్రైమరీ కేర్ వాళ్లే ఇవ్వాల.

మందు ఎవరు రాస్తారు, ఎవరు రాయరు అనేది ఇక్కడ మనవాళ్లు చానామంది కలగలిపేసుకుంటారు. థెరపిస్టు మాట్లాడతాడు గానీ మందు రాయడు. సైకియాట్రిస్టు రాస్తాడు. సైకియాట్రిక్ నర్స్ ప్రాక్టీషనర్ అని ఇంకొకరుంటారు, వాళ్లూ రాస్తారు, పైగా తొందరగా దొరుకుతారు. నర్సు అనే మాట విని వద్దనుకోబాక. దీంట్లోనే ప్రత్యేకంగా చదువుకున్నవాళ్లు వాళ్లు. నన్ను ఆరేళ్లుగా చూస్తా ఉండేది అట్లాంటి ఆమే. మన ఇల్లినాయిలో 2014లో వచ్చిన చట్టం ప్రకారం, అదనంగా శిక్షణ తీసుకున్న సైకాలజిస్టులు కూడా కొన్ని మందులు రాయొచ్చు. అట్లాంటివాళ్లు తక్కువే.

కార్డు తిప్పి వెనక చూడు. బిహేవియరల్ హెల్త్, అంటే మానసిక ఆరోగ్యం, అని వేరే నంబరు ఉందేమో చూసి దానికి ఫోన్ చెయ్. పట్టీ పంపిస్తామంటారు, వద్దను. “కొత్త పేషెంట్లను తీసుకునేవాళ్లు ముగ్గురిని మీరే ఫోన్ చేసి కనుక్కొని నాకు చెప్పండి” అని అడుగు. మాట్లాడినవాళ్ల పేరు, తారీఖు, రెఫరెన్సు నంబరు రాసిపెట్టుకో. నెట్‌వర్కులో, అంటే ఇన్సూరెన్సు వాళ్ల పట్టీలో, ఎవరూ దొరక్కపోతే గ్యాప్ ఎక్సెప్షన్ కావాలను. ఒప్పుకుంటే బయటి డాక్టరుకు కూడా నెట్‌వర్కు లెక్కనే కడతారు. ఈ మాట మనం అడిగితేనే గానీ వాళ్లంతట వాళ్లు చెప్పరు.

ఇంకొక దారి మెడికల్ కాలేజీ ఆసుపత్రులు. మన ఎస్వీ మెడికల్ కాలేజీకి రుయా ఎట్లనో, ఇక్కడ యూఐసీకీ రష్‌కీ నార్త్‌వెస్టర్న్‌కీ వాళ్ల వాళ్ల ఆసుపత్రులుండాయి. పీజీ డాక్టర్లు చూస్తారు, పైన ప్రొఫెసర్లుంటారు. తీరుబడిగా చూస్తారు. క్యాన్సిలేషన్ లిస్టులో పేరు పెట్టమని అడిగి, పొద్దున్నే ఆఫీసు తెరిచే వేళకు ఫోన్ చేస్తా ఉండు. ఉన్నట్టుండి ఖాళీ అయిన టైములు అట్లనే దొరుకుతాయి.

పోయేటప్పుడు ఏం తీసుకుపోవాలనేదే మనకు అసలు ఇబ్బంది. నీ స్ట్రిప్పు ఒకసారి చూడు. మన మందులంగట్లో పదిహేను మాత్రలు కావాలంటే కత్తెరతో కత్తిరించి ఇస్తారు కదా, ఆ కోతలో మందు పేరుండే భాగం అవతలి ముక్కకు పోతుంది. నా దగ్గర మిగిలిన ముక్క మీద “ప్లస్” అని ఒక్క మాటే ఉండింది. ఇక్కడి డాక్టరుకు దాంతో ఏం తెలుస్తుంది? మన బ్రాండు పేర్లు వీళ్లకు తెలియవు, లోపలుండే మందు పేరూ ఎన్ని మిల్లీగ్రాములనేదీ కావాల. అమ్మను మీ డాక్టరు దగ్గరికి పంపించి లెటర్‌హెడ్ మీద రాయించు: ఏం జబ్బు, ఏ మందు, ఎంత, ఎప్పటినుంచి, ఇంతకుముందు ఏవి వాడితే పడలేదు. పాత ఓపీ చీటీలు ఉంటే అవి కూడా ఫోటో తీసి వాట్సాపులో పెట్టమను.

భాష సంగతి. మనం “గుండె దడ, కడుపులో గుబులు, తల బరువు” అంటాము. అవన్నీ ఇంగ్లీషులో పెడితే ఈసీజీ తీసి పంపించేస్తారేమో అని నీ భయం, నాకూ ఉండింది. పెద్ద ఆసుపత్రుల్లో తెలుగు ఇంటర్‌ప్రెటర్ని ఫోన్లోనో వీడియోలోనో పెడతారు, డబ్బులు తీసుకోరు. అపాయింట్‌మెంటు తీసుకునేటప్పుడే అడగాల. లేదంటే ఇంట్లో కూర్చోని తెలుగులో ఒక పేజీ రాసుకో, తర్వాత ఇంగ్లీషులోకి మార్చుకోని అది చూసి చదువు. నేను మొదటిసారి చదివే వినిపించినా, ఎవరూ తప్పు పట్టలేదు.

లోపలికి పోకముందే తొమ్మిది ప్రశ్నల కాగితం ఒకటిస్తారు, పీహెచ్‌క్యూ-9 అంటారు. గడిచిన రెండు వారాల్లో ఎట్లుండావు అని. తొమ్మిదో ప్రశ్న, చచ్చిపోతే బాగుండు అనే ఆలోచనలు వచ్చినాయా అని. మనవాళ్లు భయపడి దానికి సున్నా పెట్టేస్తారు. పెట్టబాక. నిజం రాయి. అవునని రాసినంత మాత్రాన ఆసుపత్రిలో పెట్టేయరు. ఎంత గట్టిగా వస్తా ఉండాయి, ఏమన్నా చేసుకోవాలనుకుంటా ఉండావా అని అడుగుతారు, దాన్నిబట్టే చూస్తారు. మధ్యలో ఎప్పుడైనా చానా కష్టమనిపిస్తే అపాయింట్‌మెంటు కోసం చూడొద్దు, 988కి ఫోనో మెసేజో చెయ్, ఇట్లాంటప్పుడు సాయం చేసే నంబరు అది. రాత్రీ పగలూ పలుకుతారు.

ఆఫీసుకు తెలుస్తుందేమోనని నువ్వు అడగలేదు గానీ అదీ నీ మనసులో ఉండే ఉంటుంది. హిపా అని 1996 నాటి చట్టం ఉంది, నువ్వు ఒప్పుకోకుండా డాక్టరు నీ జబ్బు సంగతి మీ మేనేజరుకు చెప్పకూడదు. ఒక్క జాగ్రత్త. ఎవరి పేరుతో ఇన్సూరెన్సు ఉందో, ఎప్పుడు ఏ డాక్టరు దగ్గరికి పోయినారనే కాగితం వాళ్ల పేరుతో ఇంటికొస్తుంది. నీ రూమ్మేట్లు పోస్టు తీస్తారంటే ఈమెయిల్‌కు మార్పించుకో.

ఎమ్మార్‌పల్లె నుంచి, ఇప్పుడు షికాగోలో:

అక్కా, లెక్కపెట్టినా. 38 ఉండాయి. నా స్ట్రిప్పు మీద కూడా పేరు సగమే ఉంది. అమ్మ పొద్దున్నే మందులంగడికి పొయ్యి నిండు స్ట్రిప్పు ఫోటో పంపించింది. ఎసిటలోప్రామ్ 10, క్లోనజెపామ్ 0.5 అని ఉంది. రెండు మందులున్నాయని నాకు ఇన్నాళ్లూ తెలీదు.

చిత్తూరు గిరింపేట నుంచి, ఇప్పుడు నేపర్‌విల్‌లో:

తమ్ముడూ, నేను ఇక్కడ ఫార్మసీలో పనిచేస్తాను. అక్క చెప్పిందంతా సరే, నీ ఫోటో సంగతి చూసినాక ఇది రాయకుండా ఉండలేకపోయినా.

ఆ రెండూ కలిసిన మాత్ర అమెరికాలో లేదు. విడివిడిగా రాయాల. ఎసిటలోప్రామ్‌తో ఏ ఇబ్బందీ లేదు. క్లోనజెపామ్ ఆందోళన తగ్గించే మందు, ఇక్కడ అది షెడ్యూల్ 4లో ఉంది, అంటే అలవాటు పడే ప్రమాదం ఉందని ప్రభుత్వం నిఘా పెట్టిన మందుల పట్టీలో. కొందరు ప్రైమరీ కేర్ డాక్టర్లు కొత్త పేషెంటుకు అది రాయడానికి వెనకాడతారు. వాళ్లు రాయలేమని చెప్పినారని నువ్వు మాత్రం ఒక్కసారిగా ఆపేయొద్దు. రోజూ వేసుకునేవాళ్లు ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ రావొచ్చు. “రెండేళ్లుగా వేసుకుంటున్నాను, ఆపాలంటే మెల్లగా తగ్గించే పద్ధతి రాసివ్వండి” అని డాక్టరును అడుగు. నీ ఇష్టానికి మాత్రను సగం చేసుకోవడం కూడా వద్దు. సగం చేస్తే ఎసిటలోప్రామ్ కూడా సగమైపోతుంది.

ఊరి నుంచి కొరియర్లో తెప్పించుకోవడం మనవాళ్లకు అలవాటు. కస్టమ్స్‌లో ఆగిపోతుంది, ఈలోగా నువ్వు మందు లేకుండా ఉంటావు. ఇది చదివేవాళ్లలో ఆందోళనకూ నిద్రకూ ఇచ్చే ఎటిజోలం వాడేవాళ్లుంటే మీక్కూడా ఒక మాట. మన దగ్గర మామూలుగా రాసే ఆ మందుకు ఇక్కడ అనుమతే లేదు, 2023 జూలైలో షెడ్యూల్ 1లో, అంటే అన్నిటికంటే కఠినమైన పట్టీలో, చేర్చినారు. బయలుదేరక ముందే మీ డాక్టరుకు చెప్పి మార్పించుకోండి. బైపోలార్ జబ్బుకు ఇచ్చే లిథియం వాడేవాళ్లు ఇక్కడ ఒళ్లు నొప్పులకని ఐబుప్రోఫెన్ కొనుక్కోని వేసుకోవద్దు, రక్తంలో లిథియం పెరుగుతుంది. ఏకాదశికి నీళ్లు కూడా తాగకుండా ఉపవాసం ఉన్నా అంతే.

ఎమ్మార్‌పల్లె నుంచి, ఇప్పుడు షికాగోలో:

అన్నా, చానా థ్యాంక్స్. అక్కా, ప్రైమరీ కేర్‌లో వచ్చే గురువారం ఇచ్చినారు. ఇంకొకటి అడగాల. నాయనకు చెప్పాల్నా? రోజూ ఫోన్లో “సన్నగా అయినావు, ఏమైంది” అని అడుగుతాడు.

బైరాగిపట్టెడ నుంచి, ఇప్పుడు అరోరాలో:

గురువారం దొరికిందంటే నాకు కడుపు నిండినట్టుంది నాయనా.

నాయనకు ఇప్పుడే చెప్పాలని లేదు. మా నాన్నకు నేను నాలుగేళ్లకు చెప్పినా. ఆయన చానాసేపు మాట్లాడలేదు, తర్వాత “మరి ఆ మాత్ర అన్నం తిన్నాకనా, ముందా?” అని అడిగినాడు. ఇప్పుడు నేను ఊరికి పోతే ఆయనే గుర్తు చేస్తాడు. మీ అమ్మ ఒక్కతే ఇది మోస్తా ఉంది కదా, ఆమెకు దిగులుగా ఉంటే 14416కు ఫోన్ చేయమను. టెలి మానస్ అది, మన ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైను, తెలుగులో మాట్లాడతారు, డబ్బులేం తీసుకోరు.

ఇక్కడ డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే పొద్దు మునిగిపోతుంది. తిరుపతి ఎండలో పెరిగినవాళ్లకు అది కష్టంగా ఉంటుంది, గురువారం డాక్టరుకు ఆ సంగతీ చెప్పు. ఆదివారం అరోరా బాలాజీ గుడికి వస్తావా? లెటర్‌హెడ్ కాగితం, స్ట్రిప్పు ఫోటో తీసుకోని రా. ప్రసాదం తిన్నాక పక్కన కూర్చోని, డాక్టరు దగ్గర చదవాల్సిన పేజీ ఇద్దరం కలిసి రాద్దాం.