సెయింట్ మార్టెన్‌లో ఒక్క పగలు: మాహో బీచ్ చూసి వేళకి ఓడ ఎక్కగలమా?

అందరికీ నమస్కారం. డిసెంబరులో మయామి నుంచి కరీబియన్ క్రూజ్‌కి వెళ్తున్నాం. గుంటూరు నుంచి వచ్చిన అమ్మానాన్నలు కూడా మాతో ఉంటారు. ఓడ ఉదయం 8కి సెయింట్ మార్టెన్ దీవిలోని ఫిలిప్స్‌బర్గ్ రేవులో ఆగుతుంది, సాయంత్రం 4:30 కల్లా తిరిగి ఎక్కేయాలి.

నాన్నకి విమానాలంటే చిన్నప్పటి నుంచీ ప్రాణం. ప్రిన్సెస్ జూలియానా ఎయిర్‌పోర్టు రన్‌వే చివరనే ఉన్న మాహో బీచ్‌లో, తల మీదుగా దిగే విమానాల్ని ఆయనకి చూపించాలని నా కోరిక. పెద్ద విమానాలు ఎక్కువగా మధ్యాహ్నమే వస్తాయంటారు. అప్పటిదాకా ఆగితే, తిరుగు దారిలో సింప్సన్ బే వంతెనని పడవల కోసం ఎత్తినప్పుడు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటామేమోనని టెన్షన్. ఓడ మన కోసం ఆగదు కదా.

అమ్మకి మోకాళ్ల నొప్పులు, ఇసుకలో ఎక్కువ దూరం నడవలేదు. నీడలో కూర్చుని చూసే చోటు ఏదైనా ఉందా? టేకాఫ్ అయ్యే విమానం జెట్ గాలి తోసేయడం వల్ల 2017లో ఒకావిడ అక్కడ చనిపోయారు కాబట్టి రన్‌వే కంచె దగ్గరికి ఎలాగూ వెళ్లం.

మాహో నుంచి ఎన్నింటికి బయల్దేరితే మంచిది? వెళ్లిన టాక్సీనే ఆపుకోవాలా, అక్కడ మళ్లీ దొరుకుతుందా? దీవిలో ఫ్రెంచి వైపున్న మారిగో పట్టణం కూడా చూడాలని ఉంది గానీ, పెద్దవాళ్లని అంత తిప్పడం నాకిష్టం లేదు. వెళ్లొచ్చినవాళ్లు దయచేసి చెప్పండి.