మోటార్‌హోమ్‌లో మంచినీళ్ల లైన్ పూర్తిగా ఖాళీ చేయడం ఎలా?

అందరికీ నమస్కారం. మేం మిన్నెసోటాలో ఉంటాం. ఈమధ్యే పాత క్లాస్ సి మోటార్‌హోమ్ (వ్యాన్ ఛాసిస్ మీద కట్టిన, ఇల్లులాంటి బండి) కొన్నాం. చలికాలమంతా అది ఆరుబయటే ఉండాలి. ఇక్కడ జనవరిలో మైనస్ 20 డిగ్రీలు మామూలే. పైపుల్లో నీళ్లు మిగిలి గడ్డకడితే పగిలిపోతాయని బెంగగా ఉంది.

ఫ్రెష్ వాటర్ ట్యాంకు ఖాళీ అయింది. బండి కింద ఎరుపు, నీలం గొట్టాలు రెండున్నాయి. లో పాయింట్ డ్రెయిన్లు (పైపుల్లో నీళ్లు బయటికి పోయేలా అన్నిటికంటే కిందుండే గొట్టాలు) అవే అనుకుంటున్నాను. లోపల కుళాయిలన్నీ తిప్పిపెట్టి (గాలి ఆడాలి కదా) మూతలు తీస్తే నీలం గొట్టంలో ధార కాసేపటికే ఆగిపోయింది. ఎర్రదాంట్లో (వేడినీళ్లది) మాత్రం గంట తర్వాత కూడా సన్నగా కారుతూనే ఉంది. ఇది వాటర్ హీటర్లోంచి వస్తోందా?

హీటర్ 6 గ్యాలన్లది, యానోడ్ రాడ్ (ట్యాంకు తుప్పు పట్టకుండా లోపల బిగించే కడ్డీ) ఉన్న రకం. నీళ్లు చల్లారి, ప్రెషర్ పోయాక ఆ రాడ్ విప్పి ఖాళీ చేస్తాను. అసలు చిక్కు బైపాస్ వాల్వుతో (నీళ్లు హీటర్లోకి వెళ్లకుండా పక్కనుంచి మళ్లించేది). హీటర్ వెనక ఎంత వెతికినా కనబడలేదు. అది లేకుండా పింక్ యాంటీఫ్రీజ్ (మంచినీళ్ల పైపుల్లో పోసే, గడ్డకట్టని ద్రవం) ఎక్కిస్తే ముందు హీటరే 6 గ్యాలన్లు మింగేస్తుంది. మీ బండ్లలో ఆ వాల్వు ఎక్కడుంది? లేకపోతే కొత్తగా పెట్టించుకోవచ్చా?

యాంటీఫ్రీజ్ మానేసి కంప్రెసర్ గాలితో ఊదేస్తే చాలంటారా? పాత పైపులకి 40 పీఎస్ఐ గాలి ఒత్తిడి ఎక్కువవుతుందా? పంపులో, బయటి షవర్ గొట్టంలో, టాయిలెట్ వాల్వులో మిగిలే నీళ్ల సంగతేంటి? స్వయంగా చేసినవాళ్లు ఏది ముందో, ఏది తర్వాతో దయచేసి చెప్పండి. వచ్చే వారమే మంచు పడేలా ఉంది.