అమ్మమ్మ సీసాలో పాత రాగి డబ్బులు, తోమొచ్చా?

పెరంబూర్‌వాసి:
ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద అమ్మమ్మ హార్లిక్స్ సీసా దొరికింది, నిండా పాత డబ్బులే. 1835 ఈస్టిండియా కంపెనీ పావు అణాలు మూడు, విక్టోరియా బొమ్మవి నాలుగైదు, మిగతావన్నీ చిల్లు కాణీలు. నల్లగా జిడ్డోడుతున్నాయి, కొన్నిటికి పచ్చగా పట్టింది కూడా. మా అత్తయ్య చింతపండు, ఉప్పు వేసి రుద్దు, చెంబులా తళతళలాడతాయి అంటే ఒక చిల్లు కాణీ రుద్దేశా, తీరా చూస్తే ఒలిచిన చర్మంలా గులాబి రంగొచ్చింది. తప్పు చేశానా?

కాణీలపిచ్చి:
బాబూ ముందు ఆ చింతపండు పక్కన పెట్టండి!! ఆ నలుపు మురికి కాదు, ఇన్నేళ్లలో రాగి తనంతట తాను కట్టుకున్న పొర, పులుపు తగిలితే అది కరిగిపోతుంది, దాంతో పాటే సన్న గీతలూ అరిగిపోతాయి. నేనూ 1862 విక్టోరియా పావు అణాని ఇత్తడి తోమే పౌడర్‌తో మెరిపించి నాణేల ఫెయిర్‌కి పట్టుకెళ్తే అక్కడాయన చేతిలోకి కూడా తీసుకోలేదు. పోయింది చిల్లు కాణీయేగా, బాధపడకండి, యుద్ధకాలంలో లోహం మిగలాలని 1943 నుంచి 47 దాకా కుప్పలుగా కొట్టినవే, అసలవి రాగి కూడా కాదు, కంచు.

మైలాపూర్ అక్క:
మరి పూజ సామాను వారం వారం తోముతాం కదండీ, దానికేం కావట్లేదే?

కాణీలపిచ్చి:
అక్కా, చెంబు మీద అక్షరాలు లేవు కదా 😀

టీనగర్ బ్రో:
నేను చేసేది చెప్తా. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి రోజూ నీళ్లు మారుస్తా, నాలుగైదు రోజులు. మన బోరు నీళ్లు వద్దు, ఉప్పు రాగికి శత్రువు. జిడ్డుకి ప్యూర్ అసిటోన్ (నెయిల్ పాలిష్ రిమూవర్ కాదు, అందులో రంగూ సెంటూ కలుస్తాయి), గాజు గిన్నెలో, కిటికీ తెరిచి, స్టవ్ ఆర్పేసి. తర్వాత వెదురు టూత్‌పిక్‌తో మెల్లగా, గుండుసూది మాత్రం వద్దు. తుడవకుండా బట్ట మీద అద్దండి చాలు.

పచ్చ సంగతి చూసుకోండి. ముదురుగా గట్టిగా ఉంటే వదిలేయండి. లేతపచ్చ పొడిలా రాలుతూ, తీసేసినా మళ్లీ వస్తుంటే అది క్లోరైడ్ రోగం (ఉప్పు లోహాన్ని లోపల్నించి తినేయడం), మన సముద్రపు గాలిలో ఇంకా ముదురుతుంది, దాన్ని వేరే డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ వేసి పెట్టండి. మెత్తటి పీవీసీ కవర్లలో మాత్రం పెట్టకండి, అదో రకం పచ్చ జిగురు పడుతుంది.

పెరంబూర్‌వాసి:
థాంక్స్ బ్రో, మూడు రోజులు నీళ్లలో వేస్తే ఒక 1835 దాని మీద సింహం తోక కనబడింది! పాడైన చిల్లు కాణీని అత్తయ్య మా బుడ్డోడి మొలతాడుకి కడతానంటోంది.

కాణీలపిచ్చి:
కట్టనివ్వకండి, ఊడదీసి నోట్లో పెట్టేసుకుంటాడు.