క్విక్ డ్యాష్ స్కోరు సగానికి సగం తగ్గింది, చేతి పట్టు మాత్రం పెరగలేదు: ఏది నమ్మాలి?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి):

గౌరవ సభ్యులకు నమస్కారం. నేను ఇక్కడ ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. కొమ్ముతో బొమ్మలు చెక్కే ఒక పెద్దాయన కుడి మణికట్టు ఎముక విరిగింది. ప్లాస్టరు తీశాక నా దగ్గరికి వస్తున్నారు. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా చదువు ఒడియాలో సాగినందువల్ల ఆయనకు తెలుగు చదవడం రాదు. అందుచేత చేతితో చేసే పనుల్లో ఇబ్బందిని కొలిచే పదకొండు ప్రశ్నల క్విక్ డ్యాష్ పత్రాన్ని (స్కోరు ఎంత ఎక్కువైతే ఇబ్బంది అంత ఎక్కువ) మొదటిసారి నేనే చదివి వినిపించాను. సుత్తి కొట్టడం, టెన్నిస్ వంటి వినోదాల గురించి అడిగే ప్రశ్న దగ్గర ఆయన "సుత్తి నాకు సరదా కాదు బాబూ, కూడు" అని నవ్వడంతో దాన్ని ఖాళీగా వదిలేశాను. మిగిలిన పది జవాబుల మొత్తం 34, స్కోరు 52.3 వచ్చింది. నాలుగు వారాల తర్వాత వారి అబ్బాయి చదివి వినిపించగా పదకొండింటికీ జవాబులు వచ్చి, మొత్తం 24, స్కోరు 29.5 అయింది. పట్టు బలాన్ని కొలిచే డైనమోమీటరు మీద కుడిచేతి పట్టు మాత్రం 9 కిలోల నుంచి 10 కిలోలకే చేరింది. పొరపాటు ఎక్కడ జరిగింది? వినోదాల ప్రశ్నకు బదులు కొమ్మును ఆకురాయితో రాయడం గురించి అడగవచ్చునా?

సమాధానం (బరంపురం నుంచి):

ముందుగా లెక్క సరిచేసుకోండి. మొత్తాన్ని పదకొండుతో కాక, జవాబు వచ్చిన ప్రశ్నల సంఖ్యతో భాగించి, అందులోంచి 1 తీసివేసి, 25తో గుణించాలి. 34ను 10తో భాగిస్తే 3.4; కాబట్టి మీ మొదటి స్కోరు 60. ఒకటి కంటే ఎక్కువ ఖాళీలుంటే స్కోరు కట్టనే కూడదు.

సుమారు 15 పాయింట్ల లోపు తేడా అయితే నేనంతగా పట్టించుకోను గాని, 30 పాయింట్లు తగ్గడం చిన్న విషయం కాదు. అసలు కిటుకు ఆ పత్రం పైభాగంలోని సూచనలోనే ఉంది: పనిని ఏ చేత్తో చేశారన్నది ముఖ్యం కాదు, చేయగలిగారా లేదా అన్నదే ముఖ్యం. ఎడమచేత్తో అన్నం కలుపుకోవడం, సంచి మోయడం అలవాటైన మనిషికి కుడిచెయ్యి బాగుపడకపోయినా స్కోరు తగ్గుతుంది. అది అబద్ధపు స్కోరు కాదు. ఆ మనిషి బతుకు ఎంత సాగుతున్నదో చెబుతుంది, మణికట్టు సంగతి చెప్పదు. మణికట్టు కోసమే తయారైన 15 ప్రశ్నల పీఆర్‌డబ్ల్యూఈ అనే ప్రశ్నావళిలో చాలా పనులను దెబ్బతిన్న చేత్తోనే చేయగలరా అని అడుగుతారు. చేతుల కోసం తయారైన 37 ప్రశ్నల మిషిగన్ ప్రశ్నావళి రెండు చేతులనూ విడివిడిగా అడుగుతుంది గాని, ఓపీలో అంత తీరిక ఎక్కడిది?

ప్రశ్నను మార్చవద్దు, మారిస్తే ఇతరుల స్కోర్లతో పోల్చడానికి వీలుండదు. ఆయన వృత్తికోసం క్విక్ డ్యాష్‌కు మూలమైన పెద్ద ప్రశ్నావళి డ్యాష్‌లోనే నాలుగు ప్రశ్నల పని విభాగం విడిగా ఉంది.

సమాధానం (రాయగడ నుంచి):

చదివే మనిషి మారడం కూడా ఒక కారణం కావచ్చు. కొడుకు ముందు నొప్పిని ఒప్పుకోని తండ్రులను నేను చాలామందిని చూశాను. ఎప్పుడూ ఒకరే, ఒకే మాటలతో, వివరణలేమీ చేర్చకుండా చదవాలి. అనువాదం మరీ గ్రాంథికంగా ఉంటే, గిడుగువారు పాఠం చెప్పిన ఊళ్ళో అది ఎవరికీ అర్థం కాకపోవడం న్యాయమే! అయినా అక్కడికక్కడ మన మాటల్లోకి మార్చి చెప్పకండి. అనుమతి తీసుకుని, తిరుగు అనువాదంతో (తెలుగును మళ్ళీ మూలభాషలోకి మార్చి) సరిచూసి, 30, 40 మంది రోగులతో ముందుగా పరీక్షించిన ప్రతినే వాడాలి.

ప్రశ్న అడిగినవారి జవాబు:

కృతజ్ఞతలు. ఈ రోజు అబ్బాయిని బయట కూర్చోబెట్టి నేనే మళ్ళీ చదివాను, స్కోరు 43.2 వచ్చింది. కత్తి, సంచి రెండూ ఎడమచేత్తోనే వాడుతున్నారట. వచ్చే వారం పీఆర్‌డబ్ల్యూఈ మొదలుపెడతాను.