నోటీసు 90 రోజులు, కొత్త కంపెనీ 45 రోజుల్లో రమ్మంటోంది: ఏం చేయాలి?

ప్రశ్న: అందరికీ నమస్కారం. బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. నోటీసు 90 రోజులు, అంటే రాజీనామా ఇచ్చాక అన్నాళ్లు పనిచేయాలి. కొత్త చోట 45 రోజుల్లో చేరమంటున్నారు. ఒక్క రోజు కూడా తగ్గించనని మేనేజర్ అంటున్నారు. మధ్యలో మానేస్తే కేసు పెడతారా? డబ్బు కట్టి వెళ్తే దానిమీద జీఎస్టీ కూడా పడుతుందని టీమ్‌లో ఒకరన్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: తమ్ముడూ, ముందు అపాయింట్‌మెంట్ లెటర్ తీసి నోటీసు పేరా నిదానంగా చదువు. "నోటీసు లేదా బదులుగా జీతం" అని ఉంటే డబ్బు కట్టి వెళ్లే దారి నీ చేతిలో ఉన్నట్టే. "సంస్థ అంగీకరిస్తే" అన్న ముక్క తగిలించి ఉంటే వాళ్లు ఒప్పుకోవాలి. కట్టాల్సింది బేసిక్ (మూల వేతనం) మీదా, గ్రాస్ (అలవెన్సులతో కలిపిన మొత్తం జీతం) మీదా అన్నది కూడా చూడు, తేడా చాలా ఉంటుంది.

ఉద్యోగం చేసి తీరాలని కోర్టు కూడా బలవంతపెట్టదు. 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం అందుకు ఒప్పుకోదు. నష్టపరిహారం మాత్రం అడగొచ్చు. అదీ కాంట్రాక్ట్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో రాసుకున్న మొత్తానికి మించకుండా, సమంజసమైనంతే. జీఎస్టీ భయం వదిలెయ్. నోటీసు సొమ్ముపై అది వర్తించదని 2022 ఆగస్టులోనే కేంద్రం సర్క్యులర్ ఇచ్చింది.

నా దృష్టిలో అసలు చిక్కు కేసు కాదు, రిలీవింగ్ లెటర్, అంటే ఉద్యోగం నుంచి పద్ధతిగా విడుదల చేశామని కంపెనీ ఇచ్చే పత్రం. చెప్పకుండా మానేస్తే రికార్డులో "అబ్‌స్కాండింగ్" అని, అంటే చెప్పకుండా పారిపోయాడని, రాస్తారు. తర్వాత ప్రతి బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో అదే అడ్డం. కాబట్టి నోటిమాట నమ్ముకోకు. హెచ్‌ఆర్‌ని కూడా కాపీలో పెట్టి ఇలా రాయి: "నా చివరి పనిదినం ఫలానా తేదీగా ఖరారు చేయండి. తగ్గిన రోజుల సొమ్ము ఫైనల్ సెటిల్‌మెంట్‌లో మినహాయించుకోండి." ఏ పని ఎవరికి, ఏ వారంలో అప్పగిస్తావో కింద రాయి. పని ఆగదని తెలిస్తే చాలామంది మేనేజర్లు దిగొస్తారు.

ఇంకొకరు: నోటీసు సొమ్ము భరిస్తారేమో కొత్త కంపెనీని అడగండి, మొహమాటం వద్దు. పాతచోట రిలీవ్ కాకముందే చేరకండి. రెండుచోట్లా పీఎఫ్ పడితే సర్వీస్ హిస్టరీలో తేదీలు ఒకదానిమీద ఒకటి పడి దొరికిపోతారు. ఇంతకీ సర్వీసు ఎన్నేళ్లు?

ప్రశ్న అడిగినవారు: వచ్చే నెల 18కి ఐదేళ్లు నిండుతాయండి. లెటర్‌లో "సంస్థ అంగీకరిస్తే" అనే ఉంది.

జవాబు: అయితే 18 దాటాకే చివరి తేదీ పెట్టుకో. ఐదేళ్లు నిండితే గ్రాట్యుటీ, అంటే ఇన్నేళ్లు పనిచేసినందుకు కంపెనీ ఇచ్చే సొమ్ము, వస్తుంది. లెక్కకు తీసుకునే నెల జీతం 40,000 అనుకుంటే, దాన్ని 26తో భాగించి 15తో, మళ్లీ 5 ఏళ్లతో గుణిస్తే 1,15,000 పైనే. కట్టాల్సిన నోటీసు సొమ్ములో పెద్ద భాగం దాంతోనే తీరుతుంది. నీకున్న 45 రోజుల్లోనే 18 దాటిపోతుంది కాబట్టి 22 అని రాయి, నాలుగు రోజులు చేతిలో ఉంటాయి. ల్యాప్‌టాప్ అప్పగించినప్పుడు రసీదు కూడా తీసుకో.