విండోస్, ఉబుంటు, మ్యాక్ ఒకే నెట్‌వర్క్‌లో: సాంబా ఫోల్డర్ తెరుచుకోవడం లేదు

ప్రశ్న

నమస్కారం. మా కార్యాలయంలో విండోస్ 11, ఉబుంటు (లినక్స్), మ్యాక్ కంప్యూటర్లు ఒకే రౌటర్‌కు కలిపి ఉన్నాయి. ఉబుంటులోని ఒక ఫోల్డర్‌ను, విండోస్ వంటి వాటితో ఫైళ్లు పంచుకోవడానికి లినక్స్‌లో వాడే సాంబా అనే ప్రోగ్రాము ద్వారా పంచి, మిగిలిన రెండింటి నుంచి అందులో ఫైళ్లు దాచాలన్నది నా ఉద్దేశం. అయితే విండోస్‌లోని నెట్‌వర్క్ జాబితాలో ఉబుంటు కనిపించడం లేదు. ఐపీ అడ్రస్ టైప్ చేసి వెళితే, ఉబుంటులో నేను రోజూ లాగిన్ అయ్యే పాస్‌వర్డ్‌ను ఇచ్చినా తిరస్కరిస్తోంది. ఉబుంటు నుంచి విండోస్‌కు పింగ్ చేసినా (ఉన్నదో లేదో తెలుసుకునే చిన్న సంకేతం పంపినా) జవాబు రాదు. విండోస్ ఫైళ్లు పంచుకునే ఎస్‌ఎంబీ పద్ధతిలో పాత రూపమైన ఎస్‌ఎంబీ1ను ఆన్ చేస్తే అన్నీ సరిపోతాయని ఎక్కడో చదివాను. చేయవచ్చా?

మొదటి సమాధానం

పింగ్ సంగతి పక్కన పెట్టండి. బయటి నుంచి వచ్చే పింగ్‌కు జవాబివ్వకుండా విండోస్ ఫైర్‌వాల్ ఆపుతుంది కాబట్టి, దానిని బట్టి నెట్‌వర్క్ చెడిందని అనుకోనక్కరలేదు. మీకు పాస్‌వర్డ్ అడిగే వరకు వచ్చిందంటే ఫైళ్లు పంచుకోవడానికి వాడే 445వ పోర్టు తెరిచే ఉంది, దారి బాగానే ఉంది.

అసలు చిక్కు పాస్‌వర్డ్ దగ్గరే ఉంది. లినక్స్ తన పాస్‌వర్డ్‌లను తిరిగి విప్పడానికి వీలులేని హాష్ రూపంలో దాచుకుంటుంది. విండోస్ అడిగే సరిచూపుకు మరో రకం హాష్ కావాలి. ఒకదాని నుంచి మరొకదానిని తయారు చేయలేము కనుక, సాంబా తనకంటూ వేరే పాస్‌వర్డ్ పట్టిక ఉంచుకుంటుంది. smbpasswd కమాండుతో మీ ఉబుంటు ఖాతాను అందులో చేర్చేంత వరకు సాంబా దృష్టిలో మీరు లేనట్టే. చేర్చిన తరువాత కూడా విండోస్ పాత వివరాలనే పంపుతుంటే, విండోస్ పాస్‌వర్డ్‌లను దాచుకునే క్రెడెన్షియల్ మేనేజర్‌లో వాటిని తొలగించి, ఉబుంటులోని యూజర్ పేరు ఇవ్వండి. రేపు ఎప్పుడైనా విండోస్ ఫోల్డర్‌ను ఉబుంటు నుంచి తెరవవలసి వస్తే, అక్కడ పిన్ పనికిరాదని, ఖాతా పాస్‌వర్డే ఇవ్వాలని గుర్తుంచుకోండి.

రెండవ సమాధానం

ఎస్‌ఎంబీ1 జోలికి వెళ్లవద్దు. 2017 మే నెలలో వ్యాపించిన వన్నాక్రై అనే హానికర ప్రోగ్రాము ఆ పాత ప్రోటోకాల్‌లోని లోపాన్ని వాడుకునే యంత్రం నుంచి యంత్రానికి పాకింది. సాంబా కూడా 4.11 నుంచి దానిని డీఫాల్ట్‌గా ఆపివేసింది. జాబితాలో ఒక పేరు కనిపించడం కోసం అంత పాత తలుపు తెరవడం నాకు సబబుగా తోచదు.

పేరు కనిపించకపోవడానికి కారణం వేరు. ఇప్పటి విండోస్ పక్క యంత్రాలను డబ్ల్యూఎస్ డిస్కవరీ అనే పద్ధతిలో వెతుకుతుంది. సాంబా ఆ పద్ధతిలో తనను తాను ప్రకటించుకోదు. ఉబుంటులో డబ్ల్యూఎస్‌డీడీ అనే చిన్న ప్రోగ్రామును నడిపితే ఆ లోటు తీరుతుంది. మ్యాక్ వెతికే తీరు మరొకటి, దానికి ఉబుంటులో అవాహీ అనే ప్రోగ్రాము సరిపోతుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇప్పుడు ఫోల్డర్ తెరుచుకుంటోంది, పేరూ కనిపిస్తోంది. అయితే మ్యాక్ నుంచి మా సహోద్యోగి తన ఖాతాతో రాసిన ఫైలును నేను విండోస్‌లో తెరవగలుగుతున్నాను గాని, మార్చి సేవ్ చేయలేకపోతున్నాను. సాంబా బదులు, ఫైళ్లు పంచుకునే మరో పద్ధతి అయిన ఎన్‌ఎఫ్‌ఎస్ వాడితే నయమా?

మొదటి సమాధానం ఇచ్చినవారు

మీ సందర్భంలో ఎన్‌ఎఫ్‌ఎస్ ఇంకా తలనొప్పి. సాధారణ అమరికలో అది మనిషిని పేరుతో కాక అంకెతో గుర్తిస్తుంది; ఉబుంటులో మొదటి ఖాతా అంకె 1000, మ్యాక్‌లో 501, కనుక ఒకే మనిషి ఇద్దరుగా కనిపిస్తాడు. సాంబాలోనే ఉండి, మీ ఇద్దరినీ ఒక గ్రూపులో చేర్చి, సాంబా అమరికలలో ఆ షేరుకు (పంచిన ఫోల్డర్‌కు) ఫోర్స్ గ్రూప్‌గా ఆ గ్రూపు పేరు ఇవ్వండి. కొత్త ఫైలును ఎవరు చదవవచ్చో, ఎవరు రాయవచ్చో అంకెల్లో చెప్పే క్రియేట్ మాస్క్ డీఫాల్ట్‌గా 0744 కావడం వల్లే గ్రూపులోని రెండవవారికి రాసే హక్కు దక్కదు. దానిని 0664గా, ఫోల్డర్లకు అదే పని చేసే డైరెక్టరీ మాస్క్‌ను 0775గా మార్చండి. ఇది కొత్త ఫైళ్లకే వర్తిస్తుంది, పాతవాటి హక్కులు ఒకసారి చేతితో సరిచేయాలి.

రెండవ సమాధానం ఇచ్చినవారు

ఫైళ్ల పేర్లలో ప్రశ్నార్థకం, కోలన్ వాడకండి, విండోస్ వాటిని ఒప్పుకోదు. తెలుగు పేర్లు పెట్టేవారికి మరొక చిక్కు ఉంది: ఐత్వాన్ని (‘దై’లోని గుర్తును) కంప్యూటర్లు అక్షరాలను దాచుకునే యూనికోడ్‌లో ఒకే గుర్తుగానూ, రెండు గుర్తులుగా విడదీసీ రాయవచ్చు. మ్యాక్‌లోని పాత హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ డిస్కులు విడదీసిన రూపాన్నే దాస్తాయి. అక్కడి నుంచి తెచ్చిన ‘దైనందిన నివేదిక’, ఉబుంటులో టైప్ చేసిన ‘దైనందిన నివేదిక’ కంటికి ఒకటే అయినా, లినక్స్‌కు రెండు వేర్వేరు ఫైళ్లు.