మూగదెబ్బకి ఈఎస్‌ఐ రాదా? పీణ్యాలో మా బావ పరిస్థితి, కొంచెం చెప్పండి

హిందూపురం_కుర్రోడు:

మా బావ బెంగళూరు పీణ్యా సెకండ్ స్టేజ్‌లో ఒక గోడౌన్‌లో కాంట్రాక్టర్ కింద లోడింగ్ పని చేస్తాడు. 11 రోజుల కింద ర్యాంప్ మీద లోడుతో ఉన్న ప్యాలెట్ ట్రాలీ వెనక్కి జారి ఆయన తొడని గోడకేసి నొక్కేసింది. సూపర్‌వైజర్ పక్కనే ఉన్న క్లినిక్‌కి తీసుకెళ్లాడు, ఎక్స్‌రేలో ఎముక బాగానే ఉందన్నారు, నొప్పి మాత్రలు రాసిచ్చి పంపేశారు. ఇప్పుడు తొడ మొత్తం నల్లగా కమిలిపోయింది, ఆ నలుపు మోకాలి కిందికి కూడా దిగింది, బావ బాత్రూమ్‌కి వెళ్లాలన్నా గోడ పట్టుకోవాల్సిందే. మా అక్క రోజూ నువ్వుల నూనె రాసి గట్టిగా మర్దన చేసి వేడినీళ్ల కాపడం పెడుతోంది.

అసలు తలనొప్పి ఇంకోటుంది. క్లినిక్‌లో "బైక్ మీంచి పడ్డాడు" అని చెప్పమని సూపర్‌వైజరే నేర్పించాడట, చీటీలో కూడా అదే రాశారు. ఇప్పుడు కాంట్రాక్టర్ "ఎముక విరగలేదు కదా, మూగదెబ్బకి క్లెయిమ్ ఏంటయ్యా" అని 5,000 ఇస్తానంటున్నాడు, దానికి తెల్లకాగితం మీద సంతకం పెట్టాలట. జీతం 17,500, స్లిప్పులో ఈఎస్‌ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) అని 132 రూపాయలు పోతున్నాయి. ఏం చేయమంటారు?

ఫిజియో_మల్లేశ్వరం:

డబ్బుల సంగతి తర్వాత, ముందు ఆ మర్దన ఆపించండి. కండ లోపల నెత్తురు గూడు కట్టి ఉన్నప్పుడు గట్టిగా పిసికితే మళ్లీ రక్తం కారుతుంది, కొందరికి ఆ కండలోనే ఎముక లాంటి గట్టి ముక్క తయారవుతుంది, అది వచ్చిందంటే మోకాలు మడవడానికి నెలలు పడుతుంది. దాన్ని మయోసైటిస్ ఆసిఫికాన్స్ అంటారు, మూడు నాలుగు వారాలు దాటితే గానీ ఎక్స్‌రేలో సరిగ్గా కనబడదు. కాబట్టి మొదటి రోజు ఎక్స్‌రే బాగుందంటే ఎముక విరగలేదని మాత్రమే, కండ బాగుందని కాదు. నలుపు కిందికి దిగినందుకు కంగారు వద్దు, నెత్తురు బరువుకి అలా జారుతుంది.

కానీ పిక్క వాచి నొప్పి పెడుతున్నా, జ్వరం వస్తున్నా, పాదం తిమ్మిరెక్కినా, మూత్రం కోలా రంగులో వచ్చినా అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లాలి, ఆయాసం గానీ ఛాతీలో నొప్పి గానీ వస్తే ఒక్క నిమిషం కూడా ఆగొద్దు. మూత్రం రంగు ఎందుకంటే నలిగిన కండలోంచి వచ్చే పదార్థం కిడ్నీలని దెబ్బతీస్తుంది. ఇవేవీ లేకపోయినా అల్ట్రాసౌండ్ ఒకటి చేయించండి. అక్కయ్యని తిట్టకండి, మా అమ్మ కూడా అదే చేసేది.

పేరోల్_పని:

నేను పదేళ్లుగా పేరోల్, అంటే జీతాల లెక్కలు, చూస్తున్నా, సూటిగా చెప్తా. 17,500లో 0.75 శాతం అంటే 131.25, పైకి సవరిస్తే 132, అంటే కోత లెక్క సరిగ్గానే ఉంది. ఆ డబ్బు నిజంగా కడుతున్నారా లేదా అన్నది ఈఎస్‌ఐ సైట్‌లో ఆయన ఇన్సూరెన్స్ నంబరుతో చూసుకో. కట్టకపోయినా భయపడకు, ఆ తప్పు యజమానిది, ఈఎస్‌ఐ కార్పొరేషన్ కార్మికుడికిచ్చి వాళ్ల దగ్గర వసూలు చేసుకోవచ్చు. కాంట్రాక్టర్ ఎగ్గొడితే అసలు కంపెనీ బాధ్యత కూడా ఉంటుంది.

ఇప్పుడు ముఖ్యమైనది విను. విరిగిందా కమిలిందా అని ఈఎస్‌ఐ అడగదు, పనిలో తగిలిందా, దానివల్ల ప్రమాదం జరిగిన రోజు కాకుండా కనీసం మూడు రోజులు పనికి పోలేకపోయాడా అనే అడుగుతుంది. మీ బావకి 11 రోజులైంది. పనిలో దెబ్బ అని నమోదైతే రోజు వేతనంలో 90 శాతం వస్తుంది, నిన్న చేరినవాడికైనా వస్తుంది. అదే మామూలు జబ్బు కింద రాస్తే 70 శాతమే, అదీ అంతకుముందు 78 రోజుల చందా ఉంటేనే. "బైక్ మీంచి పడ్డాడు" అన్న ఆ ఒక్క ముక్క ఎందుకు రాయించారో ఇప్పుడు అర్థమైందా? నెల రోజులు మంచం మీద ఉంటే 90 శాతం లెక్కన సుమారు 15,750 వస్తుంది, వాళ్లు 5,000తో సరిపెడదామని చూస్తున్నారు.

పనిచోట యాక్సిడెంట్ బుక్ ఉంటుంది, ఫారం 11. అందులో ఎక్కించమని అడుగు, తర్వాత యజమాని ఫారం 12 రిపోర్టు పంపాలి. నోట్లో మాటగా కాకుండా వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో తేదీ, టైము, చోటు, చూసినవాళ్ల పేర్లు రాసి పంపు.

దాసరహళ్లి_అన్న:

తమ్ముడూ, వీళ్లంతా చట్టం చెప్తున్నారు బాగానే ఉంది, రేపట్నుంచి ఆ కాంట్రాక్టర్ పని ఇవ్వకపోతే ఎవరు తిండి పెడతారు? నేనైతే 10,000 అడిగి తీసుకుని ఊరుకునేవాణ్ణి. ఇక్కడ కాంట్రాక్టర్లంతా ఒకరికొకరు తెలుసు.

పేరోల్_పని:

అన్నా, నీ భయం ఉత్తదని అనను. కానీ చందా సరిగ్గా కడుతుంటే ఈ డబ్బు కాంట్రాక్టర్ జేబులోంచి పోదు, ఈఎస్‌ఐ ఇస్తుంది, ఆయన చేయాల్సిందల్లా ఒక రిపోర్టు పంపడం. ఈ బెనిఫిట్ తీసుకుంటున్న రోజుల్లో పనిలోంచి తీసేయకూడదని పాత ఈఎస్‌ఐ చట్టంలో ఉండేది, ఇప్పటి కోడ్‌లో ఎలా ఉందో కనుక్కోవాలి. తీసేసేవాడు తీసేస్తాడు, సరే, అప్పుడు కాగితం ఉన్నవాడికీ లేనివాడికీ తేడా తెలుస్తుంది.

బొమ్మసంద్ర_వెల్డర్:

నాకు ఇదే జరిగింది కాబట్టి రాస్తున్నా. షీట్ల కట్ట భుజం మీద పడింది, విరగలేదు, చెయ్యి మోచేతి దాకా నేరేడుపండు రంగుకి తిరిగింది. నేనూ పెద్దమనిషి తరహాలో ఇంట్లో జారానని చెప్పా. రెండు నెలలకి కూడా చెయ్యి పైకి లేవకపోతే ఈఎస్‌ఐకి పోయా, డాక్టర్ పాత చీటీ చూసి "ఇల్లు అని రాసుంది కదప్పా" అన్నాడు. సరిదిద్దించుకునేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది, చివరికి నాతో పనిచేసిన ఇద్దరు సంతకం పెట్టినందుకు గట్టెక్కా. అందుకే చెప్తున్నా, బావని ఇవాళే ఈఎస్‌ఐ డిస్పెన్సరీకి తీసుకెళ్లు, మొదటి చీటీ అలా ఎందుకు రాశారో ఉన్నదున్నట్టు చెప్పించు, ఇంకో అబద్ధం కలపొద్దు. రోజుకో ఫోటో తీయి, నలుపు ఆకుపచ్చగా, పసుపుగా మారి పోతుంది, పోయాక ఏం చూపిస్తావు? తెల్లకాగితం మీద మాత్రం చచ్చినా సంతకం వద్దు.

లేబర్_కోర్టు_వకీలు:

పైన చెప్పినవాళ్లు సరిగ్గానే చెప్పారు. ఒక్కటే కలుపుతా. ఈఎస్‌ఐ లేనివాళ్లకి ఉండే పరిహారం వేరే దారి, 1923 నాటి చట్టం కింద ఉండేది, 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా కోడ్‌లోకి వచ్చింది. ఈఎస్‌ఐ ఉన్నవాళ్లు అదీ ఇదీ రెండూ అడగలేరు. నిజానికి మీ బావలాంటి తాత్కాలిక దెబ్బకి ఈఎస్‌ఐయే మేలు, ఆ పాత చట్టంలో పదిహేను రోజులకి నెల వేతనంలో 25 శాతమే ఇచ్చేవారు. నయమయ్యాక కూడా కాలు సరిగ్గా మడవకపోతే మెడికల్ బోర్డుకి పంపమని అడగండి, శాశ్వత లోపం ఎంత శాతమో వాళ్లు తేలుస్తారు.

హిందూపురం_కుర్రోడు:

అందరికీ థాంక్స్. నిన్న డిస్పెన్సరీకి వెళ్లాం, అక్కణ్నుంచి రాజాజీనగర్ ఈఎస్‌ఐ ఆసుపత్రికి రాశారు. స్కాన్‌లో తొడ కండలో నెత్తురు గడ్డ ఉందట, సూదితో తీయాలా వద్దా శుక్రవారం చెప్తామన్నారు. బావ మొత్తం నిజం చెప్పాడు, డాక్టరమ్మ రాసుకుంది. కాంట్రాక్టర్‌కి వాట్సాప్ పెట్టా, బ్లూ టిక్ పడింది, జవాబు లేదు. ట్రాలీ ఫోటో తీద్దామని తెలిసినబ్బాయిని లోపలికి పంపిస్తే దాన్ని మొన్ననే రిపేరుకి పంపేశారట, ర్యాంప్ ఫోటో ఒక్కటే దొరికింది.

పేరోల్_పని:

ర్యాంప్ ఫోటో దాచుకో. ట్రాలీ బయటికి పోయిందంటే గేటు దగ్గర చలానా (సరుకు బయటికి పంపే చీటీ) రాసుంటారు, దాని తేదీ, ఏం రిపేరని రాశారో ఆ అబ్బాయిని మెల్లగా కనుక్కోమను. బ్రేకు అని రాసుంటే మాత్రం ఆ చలానా ఫోటో కూడా కావాలి.